కంప్రెసర్ ఆన్ చేస్తే గది వేడెక్కుతుందంటోంది నా మోడల్, తప్పు ఎక్కడుందో చెప్పండి

#1 చల్లగది_గుంటూరు · మార్చి 14

అందరికీ నమస్తే. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కరెంటు, ఆటోమేషన్ పనులు నేనే చూసుకుంటాను. అమ్మోనియా ప్లాంటు, నాలుగు చాంబర్లు. సాయంత్రం పీక్ గంటల్లో యూనిట్ రేటు ఎక్కువ కదా, ఆ టైముకి ముందే గదిని ఇంకాస్త చల్లబరిచి పీక్‌లో మిషన్ ఆపేస్తే బిల్లు తగ్గుతుందని మా ఓనరు గారితో అన్నాను. అలా చేయాలంటే ముందు ఒకటి తెలియాలి, ఆపితే గది ఎంత సేపట్లో ఎంత వేడెక్కుతుంది అని. సరుకు రంగు పోతే నష్టపోయేది రైతు, కాబట్టి ఉజ్జాయింపుగా చేసే పని కాదిది.

నవంబరు నుంచి జనవరి దాకా ఒక చాంబర్‌లో నిమిషానికో రీడింగ్ తీశాను: గదిలో గాలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత, తేమ, కంప్రెసర్ ఆన్/ఆఫ్, తలుపు స్విచ్. ఆ డేటాతో ఎల్‌ఎస్‌టీఎం మోడల్ (వరసగా వచ్చే రీడింగుల నుంచి తర్వాతిది ఊహించడం నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్) ట్రైన్ చేశాను. టెస్టులో తప్పు 0.2 డిగ్రీలే వచ్చింది, చాలా సంతోషం వేసింది. మార్చిలో కొత్త సరుకు దిగడం మొదలయ్యాక అదే మోడల్ ఆరు గంటల అంచనాలో 3 డిగ్రీల దాకా తప్పుతోంది.

ఇంకా టెన్షన్ పెట్టిన విషయం ఇంకోటి ఉంది. "వచ్చే రెండు గంటలూ కంప్రెసర్ ఆన్" అని ఇస్తే ఉష్ణోగ్రత కొంచెం పెరుగుతుందని చెబుతోంది, "ఆఫ్" అంటే తగ్గుతుందంటోంది. కోడ్ మూడుసార్లు చూశాను, కాలమ్‌లు ఏవీ తారుమారు కాలేదు.

#2 తెనాలి_డేటా · మార్చి 14

అన్నా, మూడు నెలల డేటా చాలా తక్కువ. ఏడాది మొత్తం డేటా పోగేసి ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ (కరెంటుది కాదు, ఇంకో రకం పెద్ద న్యూరల్ నెట్‌వర్క్) వాడి చూడు. సీజన్ మారినప్పుడు తప్పడం మామూలే.

#3 విశ్రాంత_ఇంజనీరు · మార్చి 14

బాబూ, మోడల్ సంగతి తర్వాత. ముందు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. నేను ముప్పై ఏళ్లు థర్మల్ ప్లాంటులో పనిచేశాను, వేడి ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతోందో రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టేవాళ్లం కాదు.

ఒక రోజులో 3000 టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయనుకోండి. టిక్కీ 45 కిలోలు అయితే 135 టన్నులు. యార్డు ఎండలో 35 డిగ్రీల దగ్గరున్న సరుకుని 7 డిగ్రీలకు తేవాలి, అంటే 28 డిగ్రీలు దించాలి. ఎండుమిర్చి కిలోకి డిగ్రీకి సుమారు 2 కిలోజౌళ్లు అనుకుందాం (తేమను బట్టి మారుతుంది, ప్రస్తుతానికి ఇది చాలు). మొత్తం దాదాపు 75 లక్షల కిలోజౌళ్లు, అంటే 2100 కిలోవాట్-అవర్ల వేడి. దాన్ని 24 గంటల్లో లాగాలంటే సగటున 87 కిలోవాట్లు, మన భాషలో 25 టన్నుల రిఫ్రిజిరేషన్.

ఇంత వేడి గదిలోకి వచ్చిందని మీ మోడల్‌కి చెప్పే అంకె మీ కాలమ్‌లలో ఎక్కడుంది? తలుపు తెరుచుకుందన్న సంగతి దానికి తెలుసు, తలుపులోంచి ఏం వచ్చిందో తెలియదు. నవంబరు–జనవరిలో ఆ తలుపు సరుకు బయటికి పోవడానికి తెరుచుకుని ఉంటుంది. ఇప్పుడు లోపలికి వేడి మోసుకొస్తోంది. స్విచ్‌కి రెండూ ఒకటే.

ఇంకొక మాట. కంప్రెసర్ నాలుగు చాంబర్లకీ ఉమ్మడి కదా? మరి మీ గదికి చల్లదనం వస్తోందా లేదా అన్నది కంప్రెసర్ ఆన్ అయితే తెలియదు. ఆ చాంబర్‌కి అమ్మోనియా ద్రవం తెచ్చే లిక్విడ్ లైన్ మీదున్న సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) తెరిచి ఉందో లేదో చూడాలి.

#4 చల్లగది_గుంటూరు · మార్చి 14

సార్, సోలినాయిడ్ సంగతి నాకు తట్టనే లేదు. ఆ సిగ్నల్ ప్యానెల్‌లోనే ఉంది, ఈ రాత్రికే లాగర్‌కి కలుపుతాను. రోజుకి ఎన్ని టిక్కీలు దిగాయో గేటు రిజిస్టర్‌లో చేత్తో రాస్తారు, దాన్ని కూడా ఎక్కిస్తాను.

#5 కంట్రోల్_కమల · మార్చి 15

విశ్రాంత ఇంజనీరు గారు మొదటి సమస్య చెప్పారు, రెండోది నేను చెబుతాను. ఆన్ అంటే వేడెక్కడం అనేది మీ కోడ్ తప్పు కాదు, మీ డేటాయే అలా చెబుతోంది.

మీ గది ఎప్పుడూ కంట్రోలర్ (గది వేడిని బట్టి కూలింగ్ నడిపే, ఆపే పరికరం) చేతిలో ఉంది. వేడి ఎక్కువ వచ్చిన గంటల్లో కూలింగ్ ఎక్కువ సేపు నడిచింది, వేడి రాని గంటల్లో తక్కువ నడిచింది. గది మాత్రం ఎప్పుడూ 6.5, 7.5 మధ్యే ఉంది. సరుకు వేడి ఎంతో మోడల్‌కి మీరు చెప్పలేదు కాబట్టి అది చేతికి దొరికిన గుర్తుని పట్టుకుంది: కూలింగ్ బాగా నడుస్తోందంటే గదిలో వేడి పెరుగుతోందని అర్థం. డాక్టరు ఎక్కువసార్లు వచ్చి వెళ్లిన ఇంట్లోనే జబ్బు ఎక్కువగా ఉంటుంది, అందుకని డాక్టరే జబ్బు తెచ్చాడంటే ఎలా? మామూలుగా నడిచే రోజుల్లో ఈ గుర్తు మీద ఆధారపడి చెప్పిన అంచనా సరిగ్గానే ఉంటుంది, అందుకే టెస్టులో 0.2 వచ్చింది. మీరు కంట్రోలర్‌ని పక్కనపెట్టి "నేను ఆపితే ఏమవుతుంది" అని అడిగిన క్షణం అది పనికిరాకుండా పోతుంది. మీకు కావాల్సిందేమో సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు.

కంట్రోల్ ఇంజనీరింగ్‌లో ఇది పాత సమస్య. క్లోజ్డ్ లూప్ డేటా, అంటే కంట్రోలర్ నడుపుతుండగా తీసిన డేటా నుంచి సిస్టమ్‌ని గుర్తుపట్టడం కష్టం. ఏడాది డేటా తెచ్చినా, పదేళ్ల డేటా తెచ్చినా అందులో కంట్రోలర్ చేసే పని మారదు కాబట్టి ఇదే చిక్కు ఉంటుంది. కావాలని వాల్వ్‌ని అటూ ఇటూ తిప్పి, గది ఎలా స్పందిస్తుందో చూసిన డేటా కొంతైనా ఉండాలి.

#6 తెనాలి_డేటా · మార్చి 15

అక్కా, నేను నిన్న చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను. డేటా ఎంత ఉందన్నదే చూశాను, ఎలా పుట్టిందన్నది ఆలోచించలేదు.

#7 పరిశోధన_మూడో_ఏడు · మార్చి 15

పిన్ వాడొచ్చు కదా? ఫిజిక్స్ ఇన్ఫార్మ్‌డ్ న్యూరల్ నెట్‌వర్క్. 2019లో రైస్సీ, పెర్డికారిస్, కార్నియడాకిస్ రాసిన పేపర్‌తో ఇది బాగా పేరుకొచ్చింది. నెట్‌వర్క్ డేటాకి ఎంత దూరంగా ఉందో కొలవడంతో పాటు భౌతిక సమీకరణాన్ని ఎంత ఉల్లంఘించిందో కూడా లాస్‌లో (ట్రైనింగ్‌లో తగ్గించాల్సిన తప్పు లెక్కలో) కలుపుతారు. గదిలో గాలి ప్రవాహం, ఉష్ణ సమీకరణం రెండూ పెడితే ప్రతి మూలలో ఉష్ణోగ్రత వస్తుంది.

#8 కంట్రోల్_కమల · మార్చి 15

మంచి పద్ధతే. కానీ ఈ పనికి చాలా పెద్దది. ఒక్క గాలి సెన్సర్ ఉన్న గదిలో ప్రతి మూల ఉష్ణోగ్రత వేసి చూపించినా అది నిజమో కాదో సరిచూసుకునే దారి లేదు. పైగా పిన్‌ల ట్రైనింగ్ మొండిది, వేగంగా మారేవీ నెమ్మదిగా మారేవీ కలిసిన సమస్యల్లో తప్పు సమాధానం దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడ గాలి నిమిషాల్లో మారుతుంది, బస్తా రోజుల్లో మారుతుంది.

ఇంకొకటి, నువ్వు థీసిస్ రాస్తున్నావు కాబట్టి చెబుతున్నాను. 2024లో మెక్‌గ్రీవీ, హకీమ్ అనే ఇద్దరు ద్రవ ప్రవాహ సమీకరణాలను మెషిన్ లెర్నింగ్‌తో వేగంగా సాధించామన్న పేపర్లు తీసి చూశారు. పాత పద్ధతిని ఓడించామన్న 76 పేపర్లలో 60 బలహీనమైన పాత పద్ధతితో పోల్చుకున్నవే. మన రంగానికి ఇది మంచిది కాదు. నువ్వు పోల్చేటప్పుడు అవతలి వైపు గట్టి పద్ధతిని నిలబెట్టు.

చల్లగది గారికి నేను చెప్పేది చిన్న మోడల్. గదిని రెండు ముద్దలుగా ఊహించుకోండి, ఒకటి గాలి, రెండోది టిక్కీలు. కాయిల్ అంటే గదిలో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట.

గాలి వేడెక్కే వేగం = (గోడల నుంచి వచ్చే వేడి + తలుపు నుంచి వచ్చే వేడి + టిక్కీలు వదిలే వేడి − కాయిల్ లాగే వేడి) ÷ గాలి వేడిని పట్టుకునే సామర్థ్యం

టిక్కీలు చల్లబడే వేగం = (టిక్కీలకూ గాలికీ ఉన్న తేడా × ఒక అంకె) ÷ టిక్కీలు వేడిని పట్టుకునే సామర్థ్యం

తెలియని అంకెలు ఐదారు మాత్రమే, వాటిని డేటా నుంచి తీయొచ్చు. ఈ సమీకరణాల్లో కాయిల్ ముందు మైనస్ గుర్తుంది కాబట్టి కూలింగ్ పెడితే గది వేడెక్కుతుందని ఈ మోడల్ చెప్పలేదు. తెలిసిన విషయాన్ని మళ్లీ డేటా నుంచి నేర్చుకోమని నెట్‌వర్క్‌ని ఎందుకు కష్టపెట్టాలి? నిజంగా తెలియనిది కాయిల్ ఎంత వేడి లాగుతుందన్నది. ఏప్రిల్ ఎండకి కండెన్సర్ (వేడిని బయటికి వదిలే భాగం) ప్రెజర్ పెరిగితే అది తగ్గుతుంది, సక్షన్ ప్రెజర్‌ని (కంప్రెసర్ పీల్చుకునే వైపు ఒత్తిడి) బట్టి, బయటి తడి బల్బు ఉష్ణోగ్రతని (గాలి వేడి, తేమ రెండూ కలిపి చూపే కొలత) బట్టి మారుతుంది. ఆ ఒక్క చోట ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పెట్టండి.

#9 వాన_లెక్కలు · మార్చి 16

కమల గారి సలహా ఈ గదికి సరైనదే, కానీ డేటా మాత్రమే చాలదన్న మాట అన్నిచోట్లా నిలవదు. నేను వాతావరణ మోడళ్ల మీద పనిచేస్తాను. 2023లో వచ్చిన గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ వాతావరణ మోడల్‌లో ఒక్క భౌతిక సమీకరణం కూడా రాసి పెట్టలేదు. 1979 నుంచి 2017 దాకా 39 ఏళ్ల ప్రపంచ వాతావరణం చూపించారు, అంతే. ఒకే చిప్ మీద నిమిషంలోపు పది రోజుల అంచనా ఇస్తుంది, అదే పనికి సమీకరణాల మోడల్ సూపర్ కంప్యూటర్ మీద గంటలు తీసుకుంటుంది. పోల్చి చూసిన 1380 కొలమానాల్లో 90 శాతం చోట్ల యూరప్ కేంద్రం (యూరప్ దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా సంస్థ) మోడల్‌ని దాటింది. యూరప్ కేంద్రమే తన సొంత ఏఐ మోడల్‌ని 2025 ఫిబ్రవరి 25 నుంచి రోజువారీ అంచనాల్లోకి తెచ్చింది.

#10 విశ్రాంత_ఇంజనీరు · మార్చి 16

ఆ 39 ఏళ్ల డేటా ఎలా తయారైందో కూడా చెప్పండి మరి.

#11 వాన_లెక్కలు · మార్చి 16

సరిగ్గా పట్టుకున్నారు సార్. దాన్ని ఈఆర్‌ఏ5 అంటారు. నేల మీది స్టేషన్లు, బెలూన్లు, ఓడలు, ఉపగ్రహాల కొలతలను సమీకరణాల మోడల్‌తో కలిపి, ఖాళీలు నింపి, భూగోళం మొత్తానికి గంట గంటకీ తయారుచేసిన చిత్రం అది. అంటే సమీకరణాలు నెట్‌వర్క్‌లో లేకపోయినా, అది తిన్న అన్నంలో ఉన్నాయి.

లోపాలూ చెప్పాలి. సగటు తప్పుని తగ్గించమని నేర్పిస్తే నెట్‌వర్క్ అనుమానం ఉన్నచోటల్లా అన్నిటికీ మధ్యగా చెబుతుంది, రోజులు గడిచేకొద్దీ చిత్రం మసకబారుతుంది. తుపాను దారి బాగా చెబుతాయి, గాలి వేగం మాత్రం తక్కువ చేసి చెబుతాయి. మన తీరానికి ఇది చిన్న లోపం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, కిటికీ చెక్కలు మా నాన్న నేను ఇద్దరం భుజాలతో ఆనించి పట్టుకున్నాం. ఎక్కడ తీరం దాటుతుందన్నది ఎంత ముఖ్యమో ఎంత గాలితో దాటుతుందన్నదీ అంతే ముఖ్యం.

అందుకే నాకు న్యూరల్‌జీసీఎం అనే వాతావరణ మోడల్ దారి ఎక్కువ నచ్చుతుంది, 2024లో వచ్చింది. పెద్ద గాలుల కదలికకి సమీకరణాలే ఉంచారు, గ్రిడ్ గడిలో పట్టని మేఘాలు, వాన లాంటి వాటికి మాత్రం న్యూరల్ నెట్‌వర్క్ పెట్టారు. కమల గారు కాయిల్ దగ్గర చెప్పింది అదే పని. 2025 ఖరీఫ్‌కి ముందు మన కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాక గురించి మెసేజ్‌లు పంపింది, దాని వెనక ఈ న్యూరల్‌జీసీఎం, యూరప్ కేంద్రం ఏఐ మోడల్ రెండూ ఉన్నాయి. విత్తనం ఎప్పుడు వేయాలన్నది దాన్ని బట్టి తేల్చుకునే రైతుకి ఇది పేపర్లలో మెరిసే అంకె కాదు.

#12 విశ్రాంత_ఇంజనీరు · మార్చి 16

సమీకరణాలున్నాయని కూడా ధీమా పనికిరాదు. రిచర్డ్‌సన్ అనే ఆయన కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో లెక్కవేసి 1910 మే 20 నాటి వాతావరణాన్ని ఆరు గంటలు ముందుకి నడిపారు. వాయుపీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. నిజంగా ఆ రోజు పీడనం దాదాపు కదలలేదు. ఆయన దాన్ని దాచుకోలేదు, 1922లో వేసిన పుస్తకంలో ఆ తప్పు లెక్కని అలాగే అచ్చువేశారు. సమీకరణాలు సరైనవే. మొదలుపెట్టిన కొలతల్లో గాలికీ పీడనానికీ పొంతన లేదు. ఆ కొలతలను సర్ది మళ్లీ నడిపితే మామూలు అంకె వస్తుందని చాలా ఏళ్లకి పీటర్ లించ్ అనే వాతావరణ శాస్త్రవేత్త చూపించారు.

చల్లగది గారూ, మీ గదిలో మొదలుపెట్టే కొలత ఏది? గాలిది ఒక్కటే ఉంది. టిక్కీల లోపల ఎంత ఉందో తెలియకుండా మోడల్‌ని ఎక్కడ నుంచి నడుపుతారు?

#13 బీకాం_చదువుతున్నా · మార్చి 16

మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. గాలి 7 డిగ్రీలు ఉంటే బస్తా కూడా 7 డిగ్రీలే ఉండదా?

#14 చల్లగది_గుంటూరు · మార్చి 19

తమ్ముడూ, నేనూ ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాను. మూడు రోజులుగా చూసింది రాస్తున్నాను.

17న దిగిన లాట్‌లో, వరస మధ్యలో ఉన్న ఒక టిక్కీ గోనె కుట్టు పక్కనుంచి ఒక అడుగు పొడవు ప్రోబ్ లోపలికి గుచ్చాను. ఇంకోటి బయటి వరసలో టిక్కీకి పెట్టాను. గుచ్చినప్పుడు రెండూ 33 చూపించాయి. మర్నాడు ఉదయానికి గాలి 7కి వచ్చేసింది, బయటి టిక్కీ 15 చూపిస్తోంది, మధ్యలోది 29. ఈ రోజు సాయంత్రం, అంటే రెండు రోజులు దాటాక కూడా మధ్యలోది 24 దగ్గరే ఉంది. ప్యానెల్ మీద మాత్రం గది 7 అని పచ్చ లైటు వెలుగుతూ ఉంది. ఆ లైటు చూసి మేం గది చల్లబడిపోయింది అనుకునేవాళ్లం.

సాయంత్రం అయిదింటికి కూలింగ్ ఆపితే ఆ 24 డిగ్రీల సరుకే గాలిని మళ్లీ వేడెక్కిస్తుంది. జనవరిలో ఆపితే సరుకంతా 7 దగ్గరే ఉంది కాబట్టి గాలి కదలదు. గాలి రీడింగ్ రెండుసార్లూ ఒకటే, తర్వాత జరిగేది పూర్తిగా వేరు.

#15 కంట్రోల్_కమల · మార్చి 19

బీకాం తమ్ముడు అడిగిన ప్రశ్నే ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా మంచిది. మనం కొలవని ఆ టిక్కీ ఉష్ణోగ్రతనే దాగి ఉన్న స్థితి అంటాం. చల్లగది గారి ప్రోబ్ అంకెలు చూస్తే టిక్కీలకి ఒక ముద్ద చాలదు, బయటి వరస, మధ్య వరస అని రెండు చేయండి. మొత్తం మూడు ముద్దలు.

ఇక ప్రయోగం. యార్డుకి సెలవున్న రోజు రాత్రి పెట్టుకోండి, సరుకు రాదు, తలుపు తెరవరు. కంప్రెసర్ జోలికి వెళ్లొద్దు, ఆ చాంబర్ సోలినాయిడ్‌ని మాత్రమే తిప్పండి. అరగంటకోసారి నాణెం ఎగరేయండి, బొమ్మ పడితే తెరవండి, బొరుసు పడితే మూయండి. నాణేనికి గది వేడి తెలియదు, అందుకే ఆ డేటాలో డాక్టరు-జబ్బు చిక్కు ఉండదు. గాలి 8.5 దాటినా 5.5 కన్నా దిగినా ప్రయోగం ఆపి కంట్రోలర్‌కి అప్పగించేయండి. మీ ఆపరేటర్‌కి, ఓనరు గారికి ముందే చెప్పి, పక్కన ఉంచుకుని చేయండి.

#16 చల్లగది_గుంటూరు · మార్చి 24

మొన్న శనివారం రాత్రి, ఆదివారం రాత్రి రెండు రాత్రులూ చేశాం. ఓనరు గారు మొదటి రాత్రి ఒంటిగంట దాకా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా ఆపరేటర్ బాబాయ్ నాణెం ఎగరేశాడు, నేను టైము రాసుకున్నాను. ఒకసారి వరసగా నాలుగుసార్లు బొరుసు పడింది, గాలి 8.3కి వెళ్లింది, గుండె దడదడలాడింది కానీ హద్దు దాటలేదు.

ఆ రెండు రాత్రుల డేటాతో కమల గారి సమీకరణాల్లో అంకెలు తీశాను. తర్వాత నెట్‌వర్క్ లేకుండా ఒట్టి సమీకరణాలతోనే, మోడల్ ఎప్పుడూ చూడని సోమ, మంగళవారాల మీద నడిపాను, అంటే సరుకు దిగిన రోజుల మీద. ఆరు గంటల అంచనా తప్పు 0.8 డిగ్రీలు. పాత ఎల్‌ఎస్‌టీఎం అదే రెండు రోజుల మీద 2.9. ఆన్ అంటే తగ్గుతోంది, ఆఫ్ అంటే పెరుగుతోంది.

#17 పరిశోధన_మూడో_ఏడు · మార్చి 24

టెస్టు రోజులు ట్రైనింగ్ రోజుల్లాంటివి కాకుండా ఎంచుకున్నారు, ఇదే నాకు బాగా నచ్చింది. మా ల్యాబ్‌లో మేం డేటాని కలిపేసి యాదృచ్ఛికంగా 80-20 విడగొడతాం. నిమిషం నిమిషం డేటాలో అలా చేస్తే ముందు నిమిషం ట్రైనింగ్‌లో, తర్వాతి నిమిషం టెస్టులో పడతాయి, తప్పు తక్కువ రాకుండా ఎలా ఉంటుంది. నా రెండో చాప్టర్ మళ్లీ లెక్కవేస్తున్నాను.

అన్నట్టు 2025లో హార్వర్డ్, ఎంఐటీ వాళ్లు ఒక ట్రాన్స్‌ఫార్మర్‌కి గ్రహాల కక్ష్యలు నేర్పించారు. గ్రహం తర్వాత ఎక్కడుంటుందో చక్కగా చెప్పింది. దాని మీద గ్రహాల మధ్య బలం ఎంతో చెప్పమని మళ్లీ నేర్పితే, న్యూటన్ సూత్రానికి దగ్గరలో కూడా లేని నియమం వచ్చింది. చల్లగది గారి ఎల్‌ఎస్‌టీఎంకి జరిగింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

#18 చల్లగది_గుంటూరు · ఏప్రిల్ 20

చాలా రోజులకి రాస్తున్నాను, సీజన్ పనిలో తీరిక లేదు. కాయిల్ దగ్గర చిన్న నెట్‌వర్క్ కలిపాక తప్పు 0.4కి వచ్చింది. సక్షన్ ప్రెజర్, తడి బల్బు, సోలినాయిడ్, ఇవే దాని ఇన్‌పుట్లు. పీక్‌లో ఆపడం పాత సరుకున్న చాంబర్‌లో మాత్రమే మొదలుపెట్టాం, కొత్త సరుకు దిగిన గదికి మధ్య ప్రోబ్ 10 లోపు వచ్చేదాకా మోడల్ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

ఒక విషయం అర్థం కాక మళ్లీ వచ్చాను. మోడల్ చెప్పిందానికీ నిజానికీ తేడాని గ్రాఫ్ వేస్తే రంపపు పళ్లలా ఉంది. రెండు రోజులు మెల్లగా పెరుగుతుంది, ఒక్కసారిగా సున్నాకి పడుతుంది, మళ్లీ పెరుగుతుంది.

#19 విశ్రాంత_ఇంజనీరు · ఏప్రిల్ 20

అది పడిపోయే టైములు, మీ డీఫ్రాస్ట్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూడండి.

#20 చల్లగది_గుంటూరు · ఏప్రిల్ 21

ప్రతి పన్నూ డీఫ్రాస్ట్ చేసిన గంటకే పడింది సార్. కాయిల్ మీద మంచు పేరుకున్నకొద్దీ వేడి లాగడం తగ్గుతోంది, మోడల్‌కి మంచు సంగతి తెలియదు కాబట్టి తేడా పెరుగుతోంది. మేం రెండు రోజులకోసారి ఉదయం ఆరింటికి డీఫ్రాస్ట్ చేస్తాం, సరుకు దిగినా దిగకపోయినా అంతే. తలుపు ఎక్కువ తెరిచిన రోజుల్లో ఆ పన్ను ఒక్క రోజులోనే పైకి లేస్తోంది, ఆదివారాల్లో దాదాపు లేవడం లేదు.

గ్రాఫ్ మా ఆపరేటర్ బాబాయ్‌కి చూపించాను. మొన్న గురువారం ఫ్యాను చప్పుడు మారిందని, మంచు పట్టింది డీఫ్రాస్ట్ ముందే చేద్దామని ఆయన అన్నాడు, షెడ్యూల్ కాదని నేనే వద్దన్నాను. ఆ గురువారం పన్ను అన్నిటికన్నా ఎత్తుగా ఉంది. ఇప్పుడు తేడా 0.6 దాటితే నాకు, ఆయనకి ఇద్దరికీ మెసేజ్ వచ్చేలా పెట్టాను, చేయాలా వద్దా అన్నది ఆయన కాయిల్ చూసి చెబుతాడు. మంచు మందాన్ని నాలుగో స్థితిగా మోడల్‌లో కలపడం ఎలాగో కమల గారు వీలున్నప్పుడు చెప్పగలరా?

#21 కంట్రోల్_కమల · ఏప్రిల్ 21

చెబుతాను. తలుపు తెరిచున్న నిమిషాలు, బయటి తేమ, డీఫ్రాస్ట్ టైములు మూడూ ఒకే షీట్‌లో పెట్టి పంపండి. ఫ్యాను మోటార్ ఆంప్స్ కూడా లాగ్ చేయగలిగితే చేయండి, బాబాయ్ చెవికి వినిపించిన మార్పు అందులో కనిపించవచ్చు.